తూర్పు గేటు మిల్లు

“అద్దం ఎక్కించుకో, దుమ్ము కొడతాది” అన్నారాయన.

“పాలు తోడెట్టాను. సాయంత్రానికి పేరుకుంటాది, మర్చిపోకండి” అన్నాను నేను.

మా ఇద్దరి మధ్య చివరి మాటలు అవే. నేను వ్యానులో కిటికీ పక్కన, ఆయన కింద గేటు దగ్గర. ఇది రాస్తున్న మా చెల్లెలి కూతురు కలం ఆపి అడుగుతోంది, “ఇంకేం అనుకోలేదా దొడ్డమ్మా?” అని. లేదమ్మా. మొగుడూ పెళ్ళాం రోజూ ఏం మాట్లాడుకుంటారో అదే మాట్లాడుకున్నాం. వ్యాను కదిలింది, అద్దం ఎక్కించాను, దుమ్ములో ఆయన తెల్ల బనీను కాసేపు కనిపించింది. నేను ఇంటికి వచ్చాను. ఆయన రాలేదు. ఆయన్ని అక్కడ ఎందుకు ఉంచారో, ఎందుకు రాలేకపోయారో నా నోటితో చెప్పాలని కూర్చున్నాను. నాకు సంతకం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోగలను, అంతకు మించి రాదు. అందుకని నేను చెప్తుంటే అది రాస్తోంది.

మాది పెద్దాపురం పక్కన పల్లెటూరు. ఆయన ఉప్పుడు బియ్యం మిల్లులో డ్రైవరు. బండి తోలే డ్రైవరు కాదు, మిల్లు నడిపే మనిషిని మా వైపు అలాగే అంటారు. ధాన్యం నానబెట్టడం, ఆవిరి పట్టించడం, ఆరబెట్టడం, ఆడించడం అన్నీ ఆయన చూసుకునేవారు. ఆ బియ్యం మా ఇళ్ళలో తినం. కాకినాడ రేవులో ఓడెక్కి ఆఫ్రికా వెళ్ళిపోయేది. ఎవరు తింటారో, ఎలా తింటారో మాకు తెలియదు. బస్తా నోరు కుట్టాక దాని సంగతి మర్చిపోయేవాళ్ళం.

తొంభైల చివర్లో ఒక కబురు వచ్చింది. మా బియ్యం ఎక్కువగా వెళ్ళే దేశంలో ప్రభుత్వం బయటి బియ్యం మీద పన్ను పెంచబోతోందట. అక్కడ పండిన ధాన్యం అక్కడే ఆడిస్తే ఆ పన్ను ఉండదట. మిల్లు యజమానిగారి అబ్బాయి, అందరం చినబాబుగారు అనేవాళ్ళం, ఒకరోజు పొద్దున్నే మా అరుగు మీదకి వచ్చి కూర్చున్నారు.

“బియ్యం పంపడం కాదు బాబాయ్, ఇక మిల్లే పంపుదాం” అన్నారు.

“మిల్లెలా పంపుతారండి?” అన్నాను తలుపు దగ్గర నుంచి.

“విప్పి పంపుతాం పిన్నీ. అక్కడ మళ్ళీ బిగించడానికి బాబాయిని పంపుతాం.”

“ఆయ్, నన్ను కూడా విప్పే పంపుతారా?” అన్నారు మా ఆయన. ముగ్గురం నవ్వాం.

ఆ ఏడే ఇక్కడి మిల్లుకి కొత్త మిషన్లు తెప్పించారు. పాతవి షెడ్డులో పడి ఉన్నాయి. వాటికే నూనె రాసి, గోనె చుట్టి, ఓడెక్కించారు. పాతవి ఎందుకని ఎవరో అడిగితే చినబాబుగారు దాచకుండా చెప్పారు. “తెలియని దేశం. రేపు గొడవలొచ్చి వదిలేసి రావాల్సి వస్తే, కొత్తవైతే గుండె ఆగుద్ది. పాతవైతే చెయ్యి దులుపుకుని వచ్చేయొచ్చు.” తెలివైన మాటే అనిపించింది నాకు. ఇల్లు మారినప్పుడు నేను మాత్రం పాత కుండలు వదిలేసి రాలేదా? ఆ పాత మిషన్ల గొంతు తెలిసిన మనిషి ఆయనొక్కరే కాబట్టి ఆయన్ని కూడా పంపుతున్నారన్నది వేరే సంగతిగానే అనుకున్నాను.

కంపెనీ ఆ దేశంలోకి ఒక్కసారిగా దూకలేదు. ముందు అక్కడి రేవు ఊళ్ళో గోదాము అద్దెకి తీసుకుని, ఇక్కడి మనుషుల్ని పెట్టి బియ్యం అమ్మించారు. ఊరి నాడి తెలిశాక, అక్కడ పలుకుబడి ఉన్న పెద్దమనిషి ఒకాయన్ని సగం వాటాకి చేర్చుకున్నారు. స్థలం ఆయన చూపించారు, మిల్లు వీళ్ళు తెచ్చారు. అయితే ఇక్కడి నుంచి వెళ్ళినవాళ్ళెవరూ అక్కడ నిలవలేదు. అన్నం సయించక, మాట్లాడే దిక్కు లేక, ఒకరి వెనక ఒకరు వచ్చేశారు. అప్పుడు చినబాబుగారి అమ్మగారు అన్నారట, “మొగాళ్ళని పంపితే పారిపోయొస్తారు. ఒక ఆడమనిషిని పంపి పొయ్యి వెలిగించండి, అందరూ కుదురుకుంటారు” అని. పిల్లల్లేని దంపతులం మేమే కనిపించాం. వెనక్కి లాగేవాళ్ళు లేరు కదా అన్నారు. మరిడమ్మ జాతర నెలలో బయల్దేరాం. అమ్మవారికి దణ్ణం పెట్టుకుని, ఆవకాయ జాడీలకి గుడ్డ కట్టుకుని, నేను మొదటిసారి విమానం ఎక్కాను. మాతో పాటు ఒక ఇంజనీరూ, మిల్లు కుర్రాళ్ళు కొందరూ వచ్చారు.

ఇప్పుడు గేటు సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో మా జిల్లాల్లో వాస్తు పిచ్చి ఎంతగా ఉండేదంటే, నిన్న కట్టిన ఇంటికి ఇవాళ గోడ పగలగొట్టి తలుపు మార్చేవారు. మిల్లు పటం రాజమండ్రిలో ఒక సిద్ధాంతిగారి చేత వేయించారు. ఆయన ఆ దేశం చూడలేదు. చూడక్కర్లేదన్నారు. “దిక్కులు ఎక్కడైనా దిక్కులే కదండీ. అక్కడ సూర్యుడు పడమట పొడుస్తాడా ఏంటి?” అన్నారట. అది విని అందరూ తలూపారు. వంట చేసేటప్పుడు నా మొహం తూర్పుకి ఉండేలా పొయ్యి వేయించమని నేనూ అడిగాను.

అక్కడికి వెళ్ళి చూస్తే, రోడ్డూ ఊరూ అన్నీ పడమటి వైపు. తూర్పున రెల్లు, బురద, ఆ వెనక ఏరు. గేటు తూర్పునే పెట్టారు. పడమట గోడ కట్టేశారు. ఊళ్ళోంచి ఏటికి ఆడవాళ్ళు నడిచే కాలిబాట సరిగ్గా మా స్థలం మధ్యలోంచి పోయేది. దాన్ని ఆ గోడ మింగేసింది. రోడ్డు మీద నుంచి మా గేటుకి రావాలంటే గోడ చుట్టూ తిరిగి, బురద మీద పోసిన కంకర దారిలో రావాలి. వాటాదారు పెద్దమనిషి మొదటిసారి చూసి నవ్వు ఆపుకోలేకపోయారు. “మీ దేశంలో చుట్టాలందరూ దొడ్డిదారినే వస్తారా?” అని అడిగారని మా ఇంజనీరు చెప్పాడు.

ధాన్యం తెచ్చేవాళ్ళు చుట్టూ తిరగలేదు. నెత్తిన మూటలతో రోడ్డు మీద వచ్చి, గోడ కనిపించగానే దాని నీడలో కూర్చునేవారు. మా ఆయన లోపల డ్రమ్ము మీద నిలబడి, గోడ మీంచి తల పెట్టి పిలిచేవారు. వాళ్ళు అక్కడి నుంచే చేతులూపేవారు. చివరికి గోడ మీద కప్పీ బిగించి, తాడుతో మూటలు పైకి లాగడం మొదలుపెట్టారు. గోడ మీంచి ధాన్యం కొన్న మిల్లు భూమ్మీద మాదొక్కటే అయ్యుంటుంది.

“పడమట చిన్న తలుపైనా పెట్టనివ్వండి బాబూ” అని ఆయన ఫోనులో అడిగారు.

“సిద్ధాంతిగారిని కనుక్కుని చెప్తా బాబాయ్” అన్నారు చినబాబుగారు. కనుక్కుని చెప్పారు కూడా. “పడమటి ద్వారం వద్దంటున్నారు. ప్రవాసం, నష్టం అంట.”

“ఇప్పుడు ప్రవాసంలోనే ఉన్నాం కదండీ!” అన్నారు ఆయన. అటు నుంచి నవ్వు మాత్రం వినిపించింది.

ఆ గోడ దగ్గరే నాకొక మనిషి దొరికింది. ఎండు చేపలు పొగబెట్టి అమ్ముకునే ఆవిడ. భారీ మనిషి, పెద్ద గొంతు. అవతల రాయి మీద ఆవిడ, ఇవతల డ్రమ్ము మీద నేను. ఒకరి భాష ఒకరికి రాదు. ఒకరోజు ఆవిడ దుంప ఒకటి అందిస్తే, “ఓసినీ, ఇది మా కర్రపెండలమే కదే!” అని అరిచాను. మా సామర్లకోట వైపు సగ్గుబియ్యం చేసే దుంప. ఇంకోరోజు పుల్లటి ఆకు కట్ట ఇచ్చింది. చూస్తే గోంగూర. ఆ రోజు అందరం కంచాలు నాకాం. నేను ఉప్పుడు బియ్యం అన్నం గిన్నెతో ఇస్తే, ఆవిడ తిని, గిన్నెలో మాకందరికీ తలో చేప పెట్టి తిరిగి పంపేది. కానీ రోజూ నన్ను తిట్టేది కూడా. నెత్తి మీద కుండ చూపించి, గోడ చూపించి, ఏరు చూపించి, నా భుజం మీద ఒకటి చరిచేది. దారి మూసేశారని. నేను సూర్యుణ్ణి చూపించి తూర్పుకి దణ్ణం పెట్టి చూపించేదాన్ని. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వేది.

కొన్నాళ్ళు మిల్లు బాగానే ఆడింది. తర్వాత ఆ దేశంలో ఎన్నికలు వచ్చాయి. గెలిచింది నేనంటే నేనని ఇద్దరు కూర్చున్నారు. ఆ పక్క వాళ్ళూ ఈ పక్క వాళ్ళూ కొట్టుకోవడం మొదలైంది. రోడ్డు మీద సిపాయిలు తాళ్ళు కట్టి బళ్ళు ఆపేవారు. తెల్లవాళ్ళ కంపెనీలు ముందుగా వెళ్ళిపోయాయి. చినబాబుగారు దానికి సంతోషించారు.

“వాళ్ళు పోయారంటే మనకి చోటు దొరికినట్టే బాబాయ్. వాళ్ళకి భయం. మనం చూడని బందులా, మనం చూడని రాస్తారోకోలా? కూర్చుందాం.”

పట్టుమని వారం తిరక్కుండా, “సర్దుకోండి, వచ్చేయండి” అన్నారు. ట్రంకు పెట్టె దింపి, గిన్నెలు సర్దాను. మర్నాడు “ఆగండి, మాట్లాడుతున్నాం” అన్నారు. గిన్నెలు తీశాను. మళ్ళీ సర్దుకోమన్నారు. మళ్ళీ ఆగమన్నారు. ఎన్నిసార్లో లెక్క పెట్టలేదు. చివరికి పెట్టె నట్టింట్లో తెరిచే ఉంచి, పప్పు అందులోంచే తీసి వండి, గరిటె కడిగి మళ్ళీ అందులోనే వేసేదాన్ని. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు వెళ్ళాలో తెలిసేది కాదు. గోడ దాకా వెళ్ళేదాన్ని, వెనక్కి వచ్చేదాన్ని. ఆయన మిషన్ల మధ్య తిరిగేవారు. ఆడని మిల్లుకి రోజూ నూనె పోసేవారు.

“ఆగిన మిషన్‌కి నూనెందుకండీ?”

“తిరిగేదానికన్నా ఆగినదానికే తుప్పు తొందరగా పడతాదే.”

ఒక ఉదయం ఫోను వచ్చింది. ఈసారి మాట తేలింది. అందరూ వచ్చేయాలి, ఆయన తప్ప. కంపెనీ తన వాటాని వాటాదారు పెద్దమనిషికే అమ్మేసి బయటపడాలని చూస్తోంది. లోపల కంపెనీ మనిషి లేకుండా గేటు మూసేసి వస్తే, ఆ పెద్దమనిషి ఉత్తినే తాళం పగలగొట్టుకుని కూర్చుంటాడు, ఇంక కొనేదేముంది? అందుకని సంతకాలయ్యేదాకా ఒకళ్ళు లోపల ఉండాలి.

“నెల రోజులు బాబాయ్. నువ్వుంటే మనం ఉన్నట్టే” అన్నారు చినబాబుగారు.

నేను ఫోను లాక్కున్నాను. “బాబూ, మిషన్లు వదిలేసి రావచ్చని పాతవి పంపారు. ఆయన్నీ అందుకే పంపారా?”

“అదేం మాట పిన్నీ! సొంత బాబాయి అయితే ఇంకెక్కువ చేస్తానా?”

ఫోను పెట్టేశాక ఇద్దరం గొడవపడ్డాం. ఆయన మీద అంతగా ఎప్పుడూ అరవలేదు.

“ఉంటానని ఎందుకన్నారు?”

“ఎవరో ఒకళ్ళు ఉండాలి కదే. కుర్రాళ్ళకి పిల్లలున్నారు.”

“నాకు మీరున్నారు.”

ఆయన ట్రంకు పెట్టె మూత వేసి, దాని మీద కూర్చుని గొళ్ళెం పట్టించారు. నేనూ ఉంటానన్నాను. ఆడమనిషి ఉంటే నాకు కాపలా రెండింతలవుద్ది, నువ్వెళ్తేనే నేను తేలిగ్గా బయటపడతాను అన్నారు. అది నిజమే అనిపించింది. వ్యాను ఎక్కాను.

ఇంటికి వచ్చాక నెల గడిచింది. ఆ దేశానికి ఫోను తగలడం మానేసింది. మా ఊరి ఫోను బూత్‌లో కూర్చునేదాన్ని. నా మొహం చూడగానే బూత్ ఆయనే తల అడ్డంగా ఊపేవాడు. తర్వాత రోజూ పొద్దున్నే మిల్లు ఆఫీసుకి వెళ్ళి బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టాను. గుమాస్తాలు టీ ఇచ్చేవారు. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ ఏమీ చెప్పలేదు. ఫోను మోగితే లేచి నిలబడేదాన్ని, అది లారీ గురించో గోనెల గురించో అయ్యేది.

ఒకరోజు చినబాబుగారు కాకినాడ కాజాల పెట్టెతో లోపలికి వచ్చారు. అందరికీ తలో కాజా పెట్టారు. హైదరాబాదులో సంతకాలైపోయాయట. వాటా అమ్ముడైంది. “గడ్డు దేశంలోంచి గట్టెక్కాం” అన్నారు. నా చేతిలో కాజా పెట్టారు.

“అయితే ఆయన వత్తన్నారా బాబూ?”

“రేపో ఎల్లుండో బయల్దేరతాడు పిన్నీ.”

ఆ కాజా నేను తిన్నాను. తీపి తెలిసింది కూడా. సంతకాలైన ఆ పూటే ఆయన్ని విడిచిపెట్టాల్సింది. ఆయనకి ఎవరు చెప్పాలన్నది మాత్రం ఎవరూ అనుకోలేదు. పెద్దమనిషి మనుషులు చెప్తారని చినబాబుగారు అనుకున్నారు. కంపెనీ వాళ్ళు చెప్పుకుంటారని పెద్దమనిషి అనుకున్నారు. ఆయన తూర్పు గేటుకి లోపలి నుంచి గొలుసు వేసుకుని, అమ్ముడైపోయిన మిల్లుకి కాపలా కాస్తూ కూర్చున్నారు.

తర్వాత జరిగింది నాకు ఫోనులో తెలిసింది. ఆ దేశపు మిషనరీల ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ, లైన్లు మళ్ళీ కలిశాక, ఆయన జేబులో దొరికిన నంబరు చూసి మిల్లు ఆఫీసుకి ఫోను చేసింది. ఈ పిల్ల అప్పుడు డిగ్రీ చదువుతోంది, ఆ రోజు నాకు తోడు వచ్చింది. ఇంగ్లీషులో విని, ఒక్కో ముక్కా నాకు తెలుగులో చెప్పింది. చెప్తూ చెప్తూ ఆగిపోతే, నేనే “చెప్పు, చెప్పు” అని దాని చెయ్యి నొక్కాను.

చేపలావిడ రోజూ గోడ దగ్గర కేక వేసేదట. ఆయన డ్రమ్మెక్కి జవాబు చెప్పేవారట. ఒకరోజు జవాబు లేదు. మర్నాడూ లేదు. తూర్పు గేటు వైపు వెళ్దామంటే వానలకి బురద మునిగి ఉంది, గేటుకి గొలుసు ఉంది. ఆవిడ ఊళ్ళోకి వెళ్ళి ఆడవాళ్ళని పిలిచింది. వాళ్ళు ఇళ్ళలో వడ్లు దంచుకునే రోకళ్ళు తీసుకొచ్చి పడమటి గోడ పగలగొట్టారు. ఆయన మంచం మీద జ్వరంతో ఒళ్ళు తెలియకుండా ఉన్నారు. ఆ కన్నంలోంచే ఆయన్ని మోసుకుంటూ రోడ్డు మీదికి తెచ్చి, సిపాయిల తాళ్ళ దగ్గర బతిమాలి, తిట్టి, ఆసుపత్రికి చేర్చారు. మలేరియా తలకెక్కింది, చాలా ఆలస్యమైంది అంది నర్సమ్మ. మధ్యలో ఒకసారి కళ్ళు తెరిచి ఏదో చెప్పారట. అది ఆయన భాష, మాకెవరికీ తెలియలేదు, క్షమించమ్మా అంది. అక్కడే మట్టి చేశారు. చేపలావిడ చివరిదాకా ఉందట.

ఆ గోడ తర్వాత ఏమైందో తెలియదు. మళ్ళీ కట్టి ఉండకూడదని నా కోరిక.

చినబాబుగారు ఆ రోజు మా ఇంటికి వచ్చి నేల మీద కూర్చుని ఏడ్చారు. దొంగ ఏడుపు అని నేననను. తర్వాత కంపెనీ నాకు జరుగుబాటు చూస్తూనే ఉంది. వాళ్ళూ పెరిగారు. ఇంకో దేశానికి వెళ్ళారు, అక్కడి నుంచీ వచ్చేశారు, ఇప్పుడు మూడో దేశం అంటున్నారు. వెళ్ళడం, రావడం వాళ్ళకి వ్యాపారం.

మొన్న కంపెనీ వాళ్ళు పెద్దాపురంలో కంపెనీ పుట్టినరోజు పండగ చేశారు. నన్ను కారు పంపి తీసుకెళ్ళారు. ముందు వరసలో కూర్చోబెట్టి ఉప్పాడ చీర పెట్టారు. చినబాబుగారు, ఇప్పుడు ఆయనకీ జుట్టు నెరిసింది, మైకు పట్టుకుని ఆ దేశం గురించి చెప్పారు. ఎలా వెళ్ళారో, ఎంత ధైర్యం చేశారో. “సరైన టైములో, ఒక్క మనిషికి గీత పడకుండా బయటికి వచ్చాం” అన్నారు. చప్పట్లు కొట్టారు. నా పక్కనున్నావిడ కూడా కొట్టింది. నా ఒళ్ళో చీర ఉంది. నా చేతులు ఎటు పెట్టుకోవాలో తెలియలేదు.

భోజనాల దగ్గర చినబాబుగారిని పట్టుకున్నాను.

“బాబూ, ఒక్క మనిషికీ గీత పడలేదన్నారు.”

“గొడవల్లో పిన్నీ. గొడవల్లో ఎవరికీ ఏం కాలేదని. బాబాయిది జ్వరం కదా.”

“జ్వరం ఎక్కడొచ్చింది బాబూ?”

ఆయన చుట్టూ చూశారు. “భోంచేశారా పిన్నీ? పులస లేదు గానీ కొరమీను బాగుంది” అన్నారు. తర్వాత ఏమనుకున్నారో, నా చెయ్యి పట్టుకుని, “కంపెనీ మీద ఒక పుస్తకం వేయిస్తున్నాం. బాబాయి గురించి రెండు ముక్కలు రాయించి పంపండి, ఫోటోతో వేద్దాం” అన్నారు.

అప్పటి నుంచి నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. వీధి గుమ్మం, దొడ్డి గుమ్మం, ఇదే తిరుగుడు. రెండు ముక్కలన్నారు, ఇదిగో ఇంత అయింది. కాకినాడ రేవూ, ఓడా, కప్పీతో లాగిన మూటలూ ఉంచి, మిగతాది కోసేస్తారని ఈ పిల్ల అంటోంది. కోస్తారు, నాకూ తెలుసు. ఆయన మంచి పనివాడు, నమ్మకస్తుడు అని వేసి, పక్కన ఫోటో పెడతారు. ఆ మైకులో అన్న మాటేమో అలాగే నిలబడిపోతుంది.

అందుకని కాగితం ఇచ్చి రావడం లేదు. రేపు పొద్దున్నే నువ్వూ నేనూ మిల్లు ఆఫీసుకి వెళ్తాం అమ్మాయ్. నువ్వు పాఠాలు చెప్పే స్కూలుకి సెలవు పెట్టు. గుమాస్తాలందరూ వచ్చే వేళకి వెళ్దాం. చినబాబుగారు కుర్చీలో కూర్చున్నాక, నువ్వు నిలబడి మొత్తం చదవాలి. కాజాల దగ్గర ఆపకూడదు. రోకళ్ళ దగ్గర ఆపకూడదు. ఆయన లేచి వెళ్ళిపోతే ఉన్నవాళ్ళకి చదువు. ఆ తర్వాత ఏం అచ్చేసుకుంటారో వాళ్ళ ఇష్టం.

ఏడుపు తర్వాత ఏడుద్దువు గానీ, ముందు కళ్ళు తుడుచుకో. ఏదీ, ఇప్పుడు నాకు మొదట్నించి చదివి వినిపించు. గట్టిగా చదువు, నీ గొంతు ఆఫీసు చివరి బల్ల దాకా వినబడాలి.